కళాకారుల తపన ఎక్కడ ఉంటుంది? నాలో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి. చిత్రకారులు, సంగీత విద్వాంసులు, నాటకాలవాళ్లు, చేతిపని కళాకారులు ఒకరితో ఒకరికి పోలికలేని పనులు చేస్తూ కూడా అందరూ ఒకే రకమైన పట్టుదలతో ఎలా ఉంటారు? ఆ తపన పుట్టుకతో వస్తుందా? చిన్నప్పుడు వీణ నేర్చుకుని మానేసి, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ ఆదివారాలు నీటిరంగులతో బొమ్మలు వేసుకుంటున్న మీలో అది ఉందో లేదో తెలిసేదెలా? ఇక చివర్లో, ఉద్యోగం మానేయాలా అని అడిగారు.

నేను లలితకళలు చదివే విద్యార్థులకు పాఠాలు చెప్పినవాణ్ణి. సెలవులు దొరికితే కళాకారుల ఇళ్లకు వెళ్లి, వాళ్లు పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నా అలవాటు. మీకు ఈ తపన ఎలా కలిగింది అని నేరుగా అడిగితే చాలామంది జవాబు చెప్పరు. “మా నాయన చేసేవాడు, నేనూ చేస్తున్నాను” అని ఊరుకుంటారు. కానీ పని చేస్తూ చేస్తూ ఒక దశకు రాగానే వాళ్ల మాటలు ఆగిపోతాయి, ముఖం మారుతుంది, పిలిచినా పలకరు. ఆ దశ ఏదో గమనించుకుంటే ఆ మనిషి ఈ పనిలో ఎందుకు నిలిచాడో తెలుస్తుంది. ఇన్నేళ్లుగా చూసి నేను నమ్ముతున్నది ఇది: తపన కళ మొత్తం మీద ఉండదు. పనిలో ఒకానొక భాగాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ ఒక్క భాగం కోసం మిగతా శ్రమంతా భరిస్తారు. ఆ భాగం ఒక్కొక్కరికి ఒక్కోటి. కొందరికి పదార్థం, కొందరికి శ్రోత, కొందరికి పోగొట్టుకున్న ఒక సంగతి.

శ్రీకాళహస్తి కలంకారీతో మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఈ విషయం మొదట అర్థమైంది అక్కడే. దూరం నుంచి చూస్తే అది గుడ్డ మీద గీసిన పురాణ కథ. దగ్గర కూర్చుంటే అందులో సగానికి పైగా నీళ్ల పని, ఎండ పని, నిప్పు పని. నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు వల్ల రంగు గుడ్డను పట్టుకుంటుంది. కలం అంటే ఒక చివర సన్నగా చెక్కిన వెదురు పుల్ల. దాని మధ్యలో ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. ఆ చుట్ట రంగును పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. నల్ల గీత కోసం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ ద్రావణంలోని ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరుతో కలిసినప్పుడే చిక్కటి నలుపు వస్తుంది.

ఎరుపు సంగతి ఇంకా వేరు. ఎర్రగా రావలసిన చోట్ల పటిక నీళ్లు పూస్తారు. తరువాత ఎర్రరంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి మరిగించిన కాగులో ఆ గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేనిచోట ఉతుకులో పోతుంది. అంటే ఎరుపు వేస్తున్న గంటల్లో ఎరుపు కంటికి కనబడదు. రేపు పుట్టబోయే రంగును మనసులో చూసుకుంటూ ఈ రోజు చెయ్యి కదపాలి. పసుపు, నీలం ఆ తరువాతి దశలు. దశ దశకూ ఉతకడం, ఎండలో పరచడం. పారే నీళ్లు ఉండాలి కాబట్టే ఈ పని స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది. అక్కడ నేను చూసిన ఒక పెద్దాయన బొమ్మ గీసేటప్పుడు లోకంలోని కబుర్లన్నీ చెప్పేవారు. గుడ్డ కాగులో పడ్డాక మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. కర్రతో గుడ్డను తిప్పుతూ, పైకెత్తి చూస్తూ, మళ్లీ ముంచుతూ ఆవిరిలో నిలబడేవారు. ఆయన చేతి గీతకు అందరూ నమస్కారం పెట్టేవారు, ఆయన ప్రాణం మాత్రం ఆ ఎరుపులో ఉండేది.

ఈ విద్య దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం తెరిచారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ కొత్తవారికి నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ చరిత్రను మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. తపన ఎంత ఉన్నా, దాన్ని అందుకునే ఒక కేంద్రం, జీతమిచ్చే ఒక ఏర్పాటు, కొనే ఒక మనిషి లేకపోతే అది ఒక ఇంటి గోడల మధ్యే ముగిసిపోతుంది.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారిది మరో లోకం. మేకతోలును శుభ్రం చేసి, గీకి, ఆరబెట్టి, దీపం వెలుతురు దాటివచ్చేంత పలచగా చేస్తారు. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. హనుమంతుడి కిరీటంలోని రత్నాలు, సీతమ్మ మెడలోని హారాలు అన్నీ ఆ రంధ్రాలే. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాలు నగలై మెరుస్తాయి. పగటిపూట చేతిలోకి తీసుకుని చూస్తే అది తోలు ముక్క. కాబట్టి అక్కడి మంచి పనివాడు రంధ్రం కొట్టేముందు ప్రతిసారీ తోలును వెలుగుకు ఎత్తిపట్టి చూస్తాడు. ఆటలకు పిలిచేవాళ్లు తగ్గాక చాలా కుటుంబాలు దీపపు తెరలు, గోడకు తగిలించే బొమ్మలు చేయడంలోకి వచ్చాయి. దీన్ని కళకు పట్టిన చెడ్డరోజులని కొందరు బాధపడతారు. నేను అలా అనుకోను. అదే తోలు, అవే ఉలులు, వెనక అదే వెలుగు. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ ఊరికి పట్టిన గౌరవం ఆ చేతులన్నిటికీ దక్కింది.

మీరు వీణ నేర్చుకున్నానన్నారు కాబట్టి ఈ మాట మీకు తొందరగా అందుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనసదుంగ నుంచి కుండ, దండి, తల అన్నీ కలిపి చెక్కుతారు. దాన్ని ఏకాండి వీణ అంటారు. చెక్కడం చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ వీణ వీణ అయ్యేది మేళం కట్టేటప్పుడు. మైనంలో నల్లపొడి కలిపి దండి మీద రెండు గట్లుగా పోసి, వాటి మీద 24 మెట్లను ఒక్కొక్కటిగా నిలుపుతారు. తీగ మీటి, చెవి పెట్టి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి చూస్తారు. కొలబద్ద ఉన్నా తుది తీర్పు చెవిదే. పాడటం రాని మనిషి కూడా ఆ పనిలో స్వరాన్ని పాటగాడికంటే నిక్కచ్చిగా పట్టుకోవడం నేను చూశాను. ఆయన్ని కళాకారుడు అనకపోతే ఇంకెవరిని అంటాం?

ఇప్పుడు సంగీతానికే వస్తాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి జీవితంలో ఒక ఘట్టం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల తెరిచినప్పుడు ఆయన విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వాయిద్యం విని, అదే కళాశాలలో వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు. ఈ కథను చాలామంది ప్రతిభకు దొరికిన గుర్తింపుగా చెబుతారు. నాకు మొదటి సగం ముఖ్యంగా తోస్తుంది. అంతటి వాయిద్యం చేతిలో ఉన్న మనిషి ఇంకా నేర్చుకోవాలని వెళ్లారు. చూపు సరిగా ఆనని ఆయనకు నాదమే లోకం. పక్కవాద్యంగా ఉంటూ వచ్చిన వయొలిన్‌తో కచేరీ మొత్తం నడిపించవచ్చని చూపించినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు. కమాను ఒక్కసారి లాగితే నాదం ఎంత నిండుగా రాగలదు అన్న ఒక్క ప్రశ్నతో ఒక జీవితం గడిచిపోవచ్చని ఆయన పాత రికార్డులు వింటే నాకు అనిపిస్తుంది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది పూర్తిగా వేరే తీరు. చిన్న వయసులోనే 72 మేళకర్తల్లో, అంటే కర్ణాటక సంగీతంలోని మూల రాగాలన్నిటిలో, కృతులు కూర్చిన మనిషి, ఆ విస్తారం నుంచి వెనక్కి తిరిగి, ఎంత తక్కువ స్వరాలతో రాగం నిలబడుతుంది అని వెతికారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలని శాస్త్రం చెబుతుంటే నాలుగు స్వరాలతో మహతి, లవంగి వంటివి కల్పించారు, మూడు స్వరాలతోనూ చేశారు. దాని మీద పెద్ద వివాదమే నడిచింది. ఒప్పుకోనివారి వాదనలోనూ బలం ఉంది. నేను ఆ తగవులోకి వెళ్లను. మీరు చూడవలసింది ఆయన్ని పట్టుకున్న ప్రశ్నను. అన్నీ చేతికొచ్చిన మనిషికి ఇంకా ఏది తీసేయవచ్చు అన్న కుతూహలం మిగిలింది. నీటిరంగుల్లో కాగితాన్ని ఎక్కడ తెల్లగా వదిలేయాలి అన్నది ఇలాంటి ప్రశ్నే కాబట్టి మీకు ఈ ఉదాహరణ దాచుకోదగ్గది.

కొందరికి ఆ భాగం ఎదుట కూర్చున్న జనం. షేక్ నాజర్ గారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో బీద కుటుంబంలో పుట్టారు. హార్మోనియం, పాట, నాటకంలో వేషాలు, పిల్లలకు పాఠాలు చెప్పడం ఇలా ఎన్నో దారులు తిరిగి బుర్రకథ దగ్గర నిలిచారు. బుర్రకథలో కథకుడు భుజాన తంబురా పట్టి, వేలి అందెలు మోగిస్తూ, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. రెండువైపులా గుమ్మెటలు వాయిస్తూ వంత పాడే ఇద్దరు, వాళ్లే వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకొకరు నేటి రాజకీయం ఎత్తుకుంటాడు. పల్నాటి వీరుల కథ జరుగుతుండగానే వంత మధ్యలో దూరి మన ఊళ్లో బియ్యం ధర గురించి అడగగలడు. కథను ఆపి జనంతో మాట్లాడి మళ్లీ కథలోకి వెళ్లే ఆ వెసులుబాటు ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ గారి చేతిలో పెద్ద ఆయుధమైంది. గాత్రం, ఆట, రాత ఆయనకు మూడూ వచ్చు. వాటిని ఒకచోట చేర్చింది మాత్రం పొలం నుంచి వచ్చి నేలమీద కూర్చున్న మనిషి కళ్లలో ఏం జరుగుతోందో చూడాలన్న ఆత్రం. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వెళ్లిపోయింది 1997లో. ఊరివాళ్లు తెల్లవారేవరకు కదలకుండా కూర్చుని ఆయన కథ విన్నామని చెప్పుకునే పెద్దలు నాకు చాలామంది తెలుసు.

పోగొట్టుకున్న ఒక సంగతి కోసం బతికినవారి గురించి చెప్పాలంటే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు గుర్తొస్తారు. కాకతీయుల కాలంలో గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దంలో నృత్త రత్నావళి అనే నాట్య గ్రంథం రాశాడు. 1213 నాటి రామప్ప గుడిలో నాట్య భంగిమలు శిల్పాలై నిలిచాయి. ఆ పుస్తకంలో పేరిణి అనే నాట్యం గురించి ఉంది, ఆ గోడల మీద భంగిమలున్నాయి, ఆడేవాళ్లు మాత్రం లేరు. రామకృష్ణ గారు గ్రంథంలోని వర్ణనను శిల్పంతో పోల్చి, శిల్పంలోని ఒక నిలకడకు ముందు అడుగేమిటి, తరువాతి అడుగేమిటి అని ఊహించి, దాన్ని మగపిల్లల కాళ్లకు నేర్పించి, 1985 శివరాత్రికి అదే రామప్ప ముంగిట ఆడించారు. రాయిలో నిలిచింది ఒక్క క్షణం. నాట్యం అంటే కదలిక. మిగతా కదలికంతా ఆయన పూరించవలసి వచ్చింది. అది కాకతీయులనాటి పేరిణేనా అని అడిగేవాళ్లున్నారు, ఆ ప్రశ్న అడగదగ్గదే. ఏడు వందల ఏళ్ల ఖాళీని దాటి వచ్చినదేదీ చెక్కుచెదరకుండా రాదు. దేవదాసీ వ్యవస్థను చట్టం రద్దుచేశాక ఆలయ నాట్యం తెలిసిన ముసలి కళావంతులు ఇళ్లలో మూగగా మిగిలిపోతే, వాళ్ల దగ్గరకు వెళ్లి అభినయం నేర్చుకుని, వాళ్లను మళ్లీ వేదిక మీదికి గౌరవంగా తీసుకొచ్చి, ఆంధ్రనాట్యం నిలబెట్టింది కూడా ఆయనే. నా దృష్టిలో పేరిణికంటే ఇది పెద్ద పని. శిల్పం ఇంకో వెయ్యేళ్లు ఎదురుచూస్తుంది. ఆ తల్లులకు అంత సమయం లేదు.

ఇక దామెర్ల రామారావు. రాజమహేంద్రవరంలో 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. 30 ఏళ్లు కూడా నిండలేదు. గోదావరి, తూర్పు కనుమలు, మన ఆడవాళ్ల కట్టు, నడక, ముఖం ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. అప్పట్లో చిత్రకళ అంటే ఒకవైపు పాశ్చాత్య పద్ధతి, ఇంకొకవైపు బెంగాల్ పద్ధతి. ఆయన రెండింటినీ చూసి తన ఊరి వెలుతురును నమ్ముకున్నారు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆ కుర్రవాడి చెయ్యి గుర్తుపట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడానికి పూనుకున్నారు. రామారావు చనిపోయాక ఆయన భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మలను చెల్లాచెదురు కానివ్వలేదు కాబట్టే ఈ రోజు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట చిత్రశాలలో వాటిని చూడగలుగుతున్నాం. కళాకారుడి తపన గురించి రాసేవాళ్లు ఈ ముగ్గురి తపన గురించి రాయరు. గుర్తుపట్టడం, భద్రం చేయడం కూడా జీవితాలను అడిగే పనులే. ఎప్పుడైనా ఆ ఊరు వెళితే తప్పక చూడండి, వీలైతే ఉదయంపూట గోదావరి గట్టు మీద నడిచి ఆ తరువాత వెళ్లండి.

పుట్టుకతో వస్తుందా అన్నారు. సురభి వాళ్లను చూస్తే అవునని చెప్పాలనిపిస్తుంది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించారు. అప్పటి నుంచి ఆ కుటుంబాలు తరతరాలుగా నాటకమే ఇల్లుగా బతికాయి. డేరాలో పుట్టిన పిల్లలు చంటి వేషంతో మొదలుపెట్టి అన్ని వయసుల పాత్రలూ వేస్తారు. ఆడవాళ్ల పాత్రలు మగవాళ్లే వేసే రోజుల్లో వాళ్ల ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కారు. తాళ్లు, కప్పీలు, తెరలు, దీపాలతో గాలిలో ఎగిరే ఘటోత్కచుణ్ణి, మాయమయ్యే వంటకాలను చూపించే నేర్పు చేతి నుంచి చేతికి వచ్చింది. రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ కుటుంబాల్లోనే నాటకం వదిలి వేరే పనులకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. రక్తం అందరిదీ ఒకటే. తేడా ఏమిటంటే, తెర వెనుక కప్పీ దగ్గర నిలబడి, సరిగ్గా ఆ పద్యం చివరి అక్షరానికి తాడు లాగడంలో ఒకరికి ఒళ్లు పులకరిస్తుంది, ఇంకొకరికి అది బరువుగా ఉంటుంది. కుటుంబం చేసేది ఏమిటంటే చిన్నప్పుడే ఆ తాడు చేతికివ్వడం. మీకు చేతికిచ్చినవాళ్లు లేకపోతే ఇప్పుడు మీరే వెళ్లి పట్టుకోవాలి. ఆలస్యమవుతుంది, అంతే.

తోట వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్లు కనబడతారు. కరీంనగర్ ప్రాంతపు పల్లెలో పెరిగిన ఆయన బరోడాలో చదువుకుని, ఎన్నో పద్ధతులు చూసి, చివరికి తన ఊరి ఆడవాళ్ల దగ్గరికి, అమ్మ దగ్గరికి తిరిగివచ్చారు. చిన్నప్పుడు చూసిన నాటకాల్లో మగవాళ్లు వేసిన ఆడవేషాల సింగారం కూడా ఆ ముఖాల్లో ఉంది. చూసినదాంట్లో ఏది మనల్ని వదలకుండా ఉందో గుర్తించడానికే ఒక్కోసారి సగం జీవితం పడుతుంది.

ఒకరిని ఇక్కడ చేర్చకుండా ఉండలేను, ఆయన్ని సాధారణంగా ఎవరూ కళాకారుల వరుసలో కూర్చోబెట్టరు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీరలకు ముందుగా ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ నూలును చేత్తో తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి సుమారు 9,000 సార్లు అటూఇటూ తిరుగుతుంది. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక, బడి చదువు తక్కువైనా ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన తపన మొత్తం ఒక భుజం నొప్పిలో ఉంది. చీర మీద పువ్వును మెచ్చుకునే మనం దాని వెనకున్న భుజాన్ని చూడం. కలంకారీ రంగులు నింపే చేతుల్లోనూ, ఇతర కళల్లో పేరు లేని సగం పనిలోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఒక బొమ్మ కింద ఒకే పేరు కనబడితే, ఆ ఇంట్లో ఇంకెవరు పని చేశారు అని అడగడం మీరు అలవాటు చేసుకోండి.

ఇప్పుడు మీ సంగతి. మీకు తపన ఉందా అని నన్ను అడిగారు, నేను చెప్పలేను. కనిపెట్టే మార్గం మాత్రం చెప్పగలను. మీకు బొమ్మలంటే ఇష్టమా అని మిమ్మల్ని మీరు అడగవద్దు. చక్కగా వచ్చిన బొమ్మను చూస్తే అందరికీ ఇష్టమే. నీటిరంగుల పనిలో విసుగుపుట్టించే భాగాలు చాలా ఉన్నాయి: కాగితం తడిపి బిగించడం, ఆరేదాకా ఆగడం, పూత ఒకే తీరుగా దిగేందుకు బోర్డును వంచి పట్టుకోవడం, రెండు రంగుల మధ్య అంచును కాపాడటం, తెలుపును వదిలిపెట్టడం. వీటిలో ఎవరూ చెప్పకుండానే మీరు మళ్లీ మళ్లీ చేసేది ఏది? బొమ్మ చెడిపోయినా ఆ ముక్క మాత్రం బాగా కుదిరిందని మీకు మీరే సంతోషించేది ఎక్కడ? ఇతరుల బొమ్మ చూస్తే మీ కళ్లు మొట్టమొదట ఎక్కడికి పోతాయి? ఒక ఏడాది పాటు ఒకే వస్తువు వేయండి. మీ వీధిలోని వేపచెట్టు కావచ్చు, వంటింటి కిటికీ కావచ్చు. ప్రతి కాగితం వెనక తేదీ రాసి, చెడిపోయినవి కూడా దాచండి. ఏడాది తరువాత అన్నీ నేలమీద పరిచి చూస్తే మీ పట్టు ఎక్కడ పడుతోందో మీ కాగితాలే చెబుతాయి. ఏ పట్టూ కనబడకపోతే వీణను మళ్లీ తీయండి. తీగ లాగి గమకం పలికించేటప్పుడు మీ వేలికి ఏమనిపిస్తుందో చూడండి. రెండింటిలోనూ లేకపోతే మూడోది వెతకండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాజర్ గారు ఎన్ని దారులు తిరిగారో పైన చెప్పాను.

ఆ ఏడాది బొమ్మలను ఫోనులో ఎవరికీ పంపవద్దని గట్టిగా చెబుతున్నాను. మెచ్చుకోలు తియ్యగా ఉంటుంది, అది వచ్చిన వైపే చెయ్యి తిరుగుతుంది. నా విద్యార్థుల్లో మంచి చెయ్యి ఉన్న కొందరు పొగడ్త వచ్చిన ఒక్క తరహా బొమ్మనే వేస్తూ పోయి, రెండు మూడేళ్లకు ఆ తరహా మీద తమకే విరక్తి కలిగి మానేశారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధ. ఎవరికీ చూపించకూడదని కాదు. బాగా పని తెలిసిన ఒక్కరిని వెతుక్కోండి, వాళ్లకు మాత్రం చూపించండి, వాళ్లు చెప్పింది వినండి.

ఏమీ సాగని వారాలు వస్తాయి. అందరికీ వస్తాయి. అనుభవమున్న కళాకారులు అప్పుడు ఏం చేస్తారో నేను చూశాను: ఉలులు నూరుకుంటారు, కలాలు కట్టుకుంటారు, తీగలు మారుస్తారు, గుడ్డ నానబెడతారు. స్ఫూర్తి కోసం ఎదురుచూడరు. చేతిని పనికి దగ్గరగా ఉంచుకుంటారు. మీరు కుంచెలు కడగండి, కాగితాలు కోసి పెట్టుకోండి, రంగుల పట్టీలు వేసి ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో రాసుకోండి.

ఉద్యోగం మానవద్దు, కనీసం ఇప్పుడే మానవద్దు. పేదరికం కళను పదును పెడుతుందనే మాట నేను నమ్మను. ఇంటద్దె కట్టలేక ఉలి పక్కనపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో తపన తక్కువై కాదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, ఈమని శంకరశాస్త్రి గారు రేడియో ఉద్యోగాల్లో ఉంటూనే పాటకూ వీణకూ చేయవలసింది చేశారు. ద్వారం వారు జీతం మీద పాఠాలు చెప్పినవారే. వాళ్ల ఉద్యోగం వాళ్ల కళకు దగ్గరగా ఉంది, మీది దూరంగా ఉంది, ఆ తేడా నిజమే. దానికి చేయగలిగింది, రోజులో ఒక గంటను ఎవరూ ముట్టుకోకుండా కాపాడుకోవడం. ఆఫీసు నుంచి వచ్చాక మిగిలిన ఓపికతో కాకుండా, వెళ్లకముందు తాజాగా ఉన్నప్పుడు ఆ గంట పెట్టుకోండి. ఆదివారం ఆరు గంటలకంటే రోజుకు ఒక గంట చేతికి ఎక్కువ నేర్పుతుంది. అలా ఒకటి రెండేళ్లు గడిచాక, బొమ్మల మీద వచ్చే డబ్బు ఎంతో, ఇంటి ఖర్చు ఎంతో ఒక కాగితం మీద రాసుకుని, ఇంట్లోవాళ్లతో కూర్చుని అప్పుడు మాట్లాడండి. ఈలోగా నాలుగు రోజులు సెలవు దొరికితే శ్రీకాళహస్తికిగానీ నిమ్మలకుంటకుగానీ గొల్లపల్లికిగానీ వెళ్లండి. ముందుగా అడిగి, వాళ్ల పనికి అడ్డం రాకుండా కూర్చోండి, వెళ్లేటప్పుడు బేరమాడకుండా ఏదైనా కొనండి.